స్టేప్లర్ కోసం వెళ్ళి

2009 ఫిబ్రవరి అనుకుంటా. ఇంగ్లిష్ క్లాసులో ఇవ్వాల్సిన వ్యాసం, మూడు కాగితాలు, చేత్తో పట్టుకుని కాలేజీ అంతా తిరుగుతున్నాను. ఆ ప్రొఫెసర్‌కి ఒక పట్టింపు ఉండేది. పిన్ను కొట్టని కాగితాలు ముట్టుకునేవాడు కాదు. లైబ్రరీలో స్టేప్లర్ ఉంది గానీ పిన్నులు లేవు. ఎవరో కుర్రాడు "ట్రాన్స్‌ఫర్ సెంటర్‌లో ఉంటుంది చూడు" అన్నాడు.

ట్రాన్స్‌ఫర్ అంటే అప్పటికి నాకు తెలిసింది మా నాన్నకి బాపట్ల నుంచి రేపల్లెకి, రేపల్లె నుంచి తెనాలికి అయిన బదిలీలే. కాలేజీలో బదిలీల ఆఫీసు ఎందుకబ్బా అనుకుంటూ లోపలికి వెళ్ళాను.

చిన్న గది. గోడల నిండా యూనివర్సిటీల జెండాలు, త్రికోణం ఆకారంలో, రంగురంగులవి. మన ఊళ్ళో జాతరకి కట్టిన తోరణాల్లా ఉన్నాయి. ముందు కౌంటర్ మీద కరపత్రాలు, మిఠాయిల గిన్నె, పెన్నుల డబ్బా అన్నీ ఉన్నాయి, స్టేప్లర్ మాత్రం లేదు. అది లోపల, చివరి బల్ల మీద ఉంది. ఆ బల్ల వెనకాల ఒకావిడ, యాభై దాటి ఉంటాయి, పొట్టి జుట్టు, ముక్కు చివర కళ్ళజోడు, చేతిలో పచ్చ సిరా పెన్ను. నేను మొహమాటపడుతూ వెళ్ళి స్టేప్లర్ వైపు వేలు చూపించాను. ఆవిడ అందించి, నేను పిన్ను కొట్టే లోపలే అడిగేసింది.

"ఎక్కడికి ట్రాన్స్‌ఫర్ అవుతున్నావ్?"

"ఎక్కడికీ లేదండీ. స్టేప్లర్ కోసం వచ్చాను."

"స్టేప్లర్ అయిపోయింది కదా. తర్వాత?"

తర్వాత ఏమిటో నాకే తెలియదు. అప్పటికి పెళ్ళయి రెండేళ్ళు. అమెరికా వచ్చి ఏడాదీ చిల్లర. తెనాలిలో బీఎస్సీ రెండో సంవత్సరం పరీక్షలు రాసి, ఫలితాలు కూడా చూసుకోకుండా సన్నీవేల్ వచ్చేశాను. చూసుకుని ఉంటే తెలిసేది, ఫిజిక్స్ తన్నేసిందని. నాది హెచ్-4 వీసా, ఉద్యోగం మీద వచ్చినవాళ్ళ వెంట వచ్చే భార్యకో భర్తకో ఇచ్చేది. అప్పట్లో దాని మీద ఉద్యోగం చెయ్యకూడదు గానీ చదువుకోవచ్చు. పైగా కాలిఫోర్నియాలో ఏడాదీ ఒక రోజు స్థిరంగా ఉన్నామని కాగితాలు చూపిస్తే కమ్యూనిటీ కాలేజీలో స్థానికుల ఫీజే తీసుకుంటారు. కోర్సుల్ని యూనిట్లలో కొలుస్తారు, అప్పుడది యూనిట్‌కి 20 డాలర్లు. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని గోడలు చూస్తుంటే పిచ్చెక్కుతోందని మా ఆయనే తీసుకెళ్ళి చేర్పించారు. నిజం చెప్పాలంటే నేను చదువుకోసం చేరలేదు, కాలక్షేపానికి చేరాను. ఒక ఇంగ్లిష్ క్లాసు, ఒక లెక్కల క్లాసు. అంతే ప్రణాళిక.

ఆవిడతో ఇదంతా చెప్పలేదు. "ఊరికే చదువుకుంటున్నాను" అన్నాను. ఆవిడ ఒక కాగితం లాగింది. తెలుపు, పసుపు, గులాబీ, మూడు పొరల కార్బన్ ఫారం. పైన నా పేరు రాసి, కింద పచ్చ పెన్నుతో గళ్ళు గీసింది. దాన్ని అక్కడ ఎడ్ ప్లాన్ అంటారు. ఏ టర్ములో ఏ కోర్సు చదవాలో రాసుకునే పట్టిక. పదిహేను నిమిషాల్లో నా మూడేళ్ళ జీవితం గళ్ళల్లో పడింది. పసుపు కాగితం చించి నా చేతికిచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. మడతల దగ్గర చిరిగిపోతే టేపు అంటించాను.

ఆ రాత్రి ఫోన్లో నాన్నకి చెప్పాను. రెవెన్యూ ఆఫీసులో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేసిన మనిషి. కోర్సులూ గళ్ళూ ఏమీ పట్టించుకోలేదు. "పచ్చ ఇంకుతో రాసిందా? అయితే గెజిటెడ్ ఆఫీసరే అయి ఉంటుంది. ఆవిడ చెప్పినట్టు చెయ్యి" అన్నారు. అప్పటినుంచి మా ఇంట్లో ఆవిడ పేరు గెజిటెడ్ మేడమ్. అక్కడ అందరూ ఆవిణ్ణి పేరు పెట్టే పిలిచేవాళ్ళు, పద్దెనిమిదేళ్ళ పిల్లలతో సహా. నాకు మాత్రం నోరు రాలేదు. మేడమ్ అంటే "నాకు నూరేళ్ళ వయసు వచ్చినట్టు ఉంది" అని నవ్వేది. నా పేరు మాత్రం ఆవిడకి చాలా రోజులు గుర్తుండలేదు. నన్ను ఇంకో ఇండియన్ అమ్మాయి పేరుతో పిలిచేది. రెండేళ్ళు ఆ అమ్మాయి పేరుకే పలికాను.

అసలు ఈ పద్ధతి ఏమిటో తెలియనివాళ్ళకి చెప్పాలి. మన దగ్గర పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరతారు కదా, అలాంటి పక్కదారి ఇది. తేడా ఏమిటంటే ఇక్కడ ప్రవేశ పరీక్ష లేదు. మొదటి రెండేళ్ళ చదువు కమ్యూనిటీ కాలేజీలో చవగ్గా పూర్తి చేసి, మూడో ఏడాదికి యూనివర్సిటీకి మారతారు. గెజిటెడ్ మేడమ్ ఒకసారి తెల్లబోర్డు మీద మూడు మెట్లు గీసి చూపించింది. 1960లో కాలిఫోర్నియా రాష్ట్రం ఒక మాస్టర్ ప్లాన్ రాసుకుంది. హైస్కూల్లో పై ఎనిమిదో వంతు పిల్లలకి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, అంటే బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్ వగైరా. పై మూడో వంతు వరకు స్టేట్ యూనివర్సిటీలు. మిగిలినవాళ్ళందరికీ కమ్యూనిటీ కాలేజీ. కానీ కింది మెట్టు మీద నిలబడ్డవాడికి పైకెక్కే దారి మూసెయ్యకూడదని అందులోనే రాశారు. "ఆ దారిలో గుంతలు పూడ్చే పని మాది" అంది.

గుంతలంటే ఏమిటో ఆ తర్వాత నాకు అనుభవంలోకి వచ్చింది.

2009 ఆగస్టు నాటికి రాష్ట్ర ఖజానా ఖాళీ. కాలేజీలో క్లాసులు కోసేశారు. ఫీజు 20 నుంచి 26 అయింది. మొదటి రోజు క్లాసుకి వెళ్తే నలభై కుర్చీలకి డెబ్బై మంది. కొందరు కింద కూర్చున్నారు, కొందరు గుమ్మంలో నిలబడ్డారు. ప్రొఫెసర్ యాడ్ కోడ్ ఇస్తే సీటు, లేకపోతే లేదు. మన రేషన్ షాపు క్యూ గుర్తొచ్చింది. 2010 వసంతానికి స్టేట్ యూనివర్సిటీలు దాదాపు ట్రాన్స్‌ఫర్లనే తీసుకోలేదు. అంతకుముందే, 2009 నవంబరులో, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ఫీజు 32 శాతం పెంచడానికి రీజెంట్లు, అంటే దాని పాలకమండలి వాళ్ళు, ఓటేశారు. ట్రాన్స్‌ఫర్ సెంటర్‌లో ఆ రోజుల్లో ఏడ్చినవాళ్ళని చూశాను. రెండేళ్ళు కష్టపడి అన్నీ పూర్తి చేసినవాళ్ళు, ఎక్కాల్సిన బస్సు రద్దయినట్టు, నిలబడిపోయారు. గెజిటెడ్ మేడమ్ ఓదార్చేది కాదు. ఆవిడకి ఓదార్చడం రాదనుకుంటా. కాగితం లాగి, పాత గళ్ళు కొట్టేసి, కొత్త గళ్ళు గీసేది.

నా సొంత గుంత 2010 వేసవిలో నేనే తవ్వుకున్నాను. అప్పటికి అకౌంటింగ్ చదవాలని తేలింది. మా కాలేజీలో అకౌంటింగ్ రెండో భాగం సీటు దొరకలేదు. పక్క ఊళ్ళో ఇంకో కమ్యూనిటీ కాలేజీ ఉంది, అక్కడ "అకౌంటింగ్ రెండు" కనిపించింది. ఎవర్నీ అడక్కుండా ఫీజు కట్టి చేరిపోయాను. రెండు వారాలు కూర్చున్నాను. పాఠం ఎక్కడో విన్నట్టే ఉంది. నేను తెలివైనదాన్ని కాబట్టి తేలిగ్గా ఉందనుకున్నాను!

తర్వాత తెలిసింది. మాది సెమిస్టర్ కాలేజీ, అది క్వార్టర్ కాలేజీ. అదే పెసరట్టుని మావాళ్ళు రెండు ముక్కలు చేస్తే వాళ్ళు మూడు ముక్కలు చేస్తారు. మా మొదటి ముక్కలోనే వాళ్ళ ఒకటీ రెండూ చాలావరకు ఉన్నాయి. నాకు కావాల్సింది వాళ్ళ మూడోది. చదివిందే మళ్ళీ చదువుతున్నాను. దక్షిణ బే ఏరియాలో ఇది మామూలు తిప్పలే. డి అంజా, ఫుట్‌హిల్ క్వార్టర్ పద్ధతి. మిషన్, వెస్ట్ వేలీ సెమిస్టర్ పద్ధతి. అన్నీ కారులో పావుగంట, అరగంట దూరంలోనే. పిల్లలు సీటు ఎక్కడ దొరికితే అక్కడికి దూకుతారు, మధ్యలో పడతారు.

మేడమ్ నా రసీదు చూసి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడకి కోపం వచ్చిందనడానికి అదే గుర్తు. "చేరే ముందు ఒక్కసారి ఇక్కడికి రావడానికి ఏం అడ్డొచ్చింది?" అంది. అసిస్ట్ అనే వెబ్‌సైట్ తెరిచి చూపించింది. ఏ కాలేజీలో ఏ కోర్సు, ఏ యూనివర్సిటీలో ఏ కోర్సుకి సమానమో అందులో పక్కపక్కన రెండు వరుసల్లో ఉంటుంది. "ఇది నీ పంచాంగం అనుకో" అని ఆవిడ అనలేదు, నేను అనుకున్నాను. ఆ రోజు నుంచి ముహూర్తం చూసినట్టు అది చూడకుండా ఏ క్లాసులోనూ చేరలేదు.

ఇన్నేళ్ళ తర్వాత ఆలోచిస్తే, ఆవిడ నాకు ఫలానాది చదువు అని చెప్పింది తక్కువ. ఇది అక్కర్లేదు, అది అక్కర్లేదు అని కొట్టేసిందే ఎక్కువ. నా పసుపు కాగితం మీద రాసినవాటికంటే కొట్టివేతలే ఎక్కువ ఉంటాయి. చదువంటే ఎంత ఎక్కువ చదివితే అంత మంచిదనుకునే ఇంట్లో పెరిగినదాన్ని. ఆ కొట్టివేతల విలువ నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఒక్కో కొట్టివేత నాకు నాలుగు నెలలు మిగిల్చింది.

ఒక్కటి మాత్రం ఎంత బతిమాలినా కొట్టెయ్యలేదు. ఉపన్యాసం క్లాసు.

యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకి మాత్రమే వెళ్తే అది లేకుండా గడిచేది. స్టేట్ యూనివర్సిటీలకి మాత్రం రాయడం, మాట్లాడడం, తర్కం, లెక్కలు, ఈ నాలుగూ తప్పనిసరి. గోల్డెన్ ఫోర్ అనేవాళ్ళు. మిగతా మూడూ అయ్యాయి. మాట్లాడడం దగ్గర ఆగిపోయాను. ముప్పై మంది ముందు నిలబడి ఇంగ్లిష్‌లో మాట్లాడాలంటే కాళ్ళు వణుకు. అప్పటికి పాప కడుపులో ఉంది. "డెలివరీ తర్వాత చూద్దామండీ" అన్నాను. "పిల్ల పుట్టాక నీకు నిద్రే ఉండదు, ఇప్పుడే కానివ్వు" అంది. అక్షరాలా మా అమ్మ మాట.

ఆ క్లాసులో ఏదైనా ఒక పని చేసి చూపిస్తూ మాట్లాడాలి. ఒకడు సైకిల్ టైరు మార్చాడు. ఒకమ్మాయి ముఖానికి రంగు పూయడం చూపించింది. నేను పూలు కట్టాను. మల్లెలు దొరక్క కిరాణా కొట్టులో తెల్ల కార్నేషన్లు కొని, కాడలు కత్తిరించి, దారపు ఉండ కాలి బొటనవేలికి తగిలించుకోవడం కుదరదు కాబట్టి కుర్చీ కోడుకి కట్టి, రెండు పూలు ఇటు, రెండు పూలు అటు, ముడి. చేతులు పనిలో పడేసరికి నోరు దానంతటది తెరుచుకుంది. ఏం మాట్లాడానో గుర్తు లేదు. ఏడు నిమిషాల గడువు దాటి పది నిమిషాలు మాట్లాడానని మార్కులు తగ్గించారు. మాట ఎక్కువైనందుకు మార్కులు పోవడం నా జీవితంలో అదే మొదటిసారి.

2011 సెప్టెంబరులో మేడమ్ నా చేత యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా వాళ్ళ శాంటా క్రజ్ క్యాంపస్‌కి టాగ్ పెట్టించింది. అంటే హామీ పత్రం లాంటిది. కోర్సులూ మార్కులూ అనుకున్నట్టు పూర్తి చేస్తే సీటు ఖాయమని ముందే ఒప్పందం. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్ అలాంటి హామీలు ఇవ్వవు. నవంబరులో అసలు దరఖాస్తు. శాన్ హోసే స్టేట్‌కీ అప్పుడే. రెండింటికీ 30వ తేదీ ఆఖరు.

దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంటుంది. ఇదివరకు చదివిన కాలేజీలన్నీ, ఏ దేశంలోనివైనా, పేర్కొనాలి. నేను ఆ పేజీలో మా కాలేజీ పేరూ, ఆ క్వార్టర్ కాలేజీ పేరూ రాసి ఊరుకున్నాను. మేడమ్ పక్కన కూర్చుని చదువుతూ అక్కడ ఆగింది.

"ఇండియాలో?"

"ఇంటర్ అయిందండీ."

"ఇంటర్ తర్వాత నేరుగా పెళ్ళా?"

అబద్ధం ఆడొచ్చు. తెనాలి ఎక్కడ, కాలిఫోర్నియా ఎక్కడ, ఎవరు చూడొచ్చారు? ఆ ఫిజిక్స్ ఫెయిలు సంగతి మా ఆయనకి కూడా అప్పటికి చెప్పలేదు. సిగ్గు. పెళ్ళిచూపుల్లో మా వాళ్ళు "బీఎస్సీ చదువుతోంది, క్లాస్ ఫస్టు" అని చెప్పారు. క్లాస్ ఫస్టు మొదటి ఏడాది మాట.

ఏమనుకుందో, నా మొహం చూసి మేడమ్ లేచి తలుపు దగ్గరికి వేసింది. నేను చెప్పేశాను. ఆవిడకి అది పెద్ద విషయంలా కూడా అనిపించలేదు. ఐదేళ్ళ కిందటి ఒక ఫెయిలు మార్కుని చూసి ఎవరూ నిన్ను వెనక్కి పంపరు, దాచిపెట్టావని తెలిస్తే మాత్రం సీటు వచ్చాక కూడా తీసేస్తారు, కింద సంతకం పెడుతున్నది నువ్వే, అంది. తర్వాత "ఆ మార్కుల కాగితం ఎన్నాళ్ళలో వస్తుంది?" అని అడిగింది.

ఎన్నాళ్ళలో వస్తుందో నాన్నకే తెలియాలి. యూనివర్సిటీ పరీక్షల విభాగానికి మూడుసార్లు తిరిగారు. ఒకసారి చలాను తప్పు బ్యాంకులో కట్టారట. ఒకసారి సంబంధిత సీటు మనిషి సెలవు. మూడోసారి టిఫిన్ బాక్సు పట్టుకుని పొద్దున్నే వెళ్ళి సాయంత్రం దాకా కూర్చున్నారు. "నేనూ గుమాస్తానే కదమ్మా, ఎక్కడ కూర్చుంటే పని అవుతుందో నాకు తెలుసు" అన్నారు. మార్కుల మెమోలు సీలు వేసిన కవరులో వచ్చాయి. కవరు మీద సీలు దగ్గర పచ్చ ఇంకు సంతకం ఉంది. మేడమ్‌కి చూపించి గెజిటెడ్ కథ మొత్తం అప్పుడు చెప్పాను. ఆవిడ కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది. "నాకు జీతం పెంచమని మీ నాన్నగారిని ఒక ఉత్తరం రాయమను" అంది.

ఇంట్లో మా ఆయనకి ఆ ఫెయిలు సంగతి చెబితే, "నాకూ రెండు బ్యాక్‌లాగ్‌లు ఉండేవి" అన్నారు. ఇద్దరం ఐదేళ్ళు ఒకరి దగ్గర ఒకరు క్లాస్ ఫస్టు వేషం వేశామన్నమాట.

రెండు చోట్లా సీటొచ్చింది. నేను ఎగిరి గంతేసి శాంటా క్రజ్ అన్నాను. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా అంటే మన వాళ్ళల్లో ఒక హోదా మరి. మేడమ్ ఒక్కటే అడిగింది: "పాపని డేకేర్ నుంచి ఆరింటికి ఎవరు తెస్తారు?" శాంటా క్రజ్‌కి దారి హైవే 17, కొండల్లోంచి వెళ్తుంది, మెలికలు మెలికలు. వాన పడితే ఎక్కడివాళ్ళు అక్కడే. శాన్ హోసే స్టేట్ మా ఇంటికి దగ్గర. 1857 నాటిది, పశ్చిమ తీరంలో అంతకంటే పాత ప్రభుత్వ యూనివర్సిటీ లేదు. ఊరి లైబ్రరీ, యూనివర్సిటీ లైబ్రరీ ఒకే భవనంలో ఉంటాయి, కాబట్టి నేను చదువుకుంటుంటే కింద పిల్లల విభాగంలో పాప బొమ్మల పుస్తకాలు నమలొచ్చు. అదే జరిగింది. 2014లో డిగ్రీ చేతికొచ్చింది.

మధ్యలో ఇంకో అదృష్టం. 2012 మొదట్లో ఈబీ-2 అనే గ్రీన్ కార్డు వరుసలో తేదీలు ఒక్కసారిగా ముందుకు దూకాయి. ఆ మూడు నాలుగు నెలల్లో దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళకి ఈఏడీలు, అంటే ఉద్యోగం చేసుకునే అనుమతి కార్డులు, వచ్చేశాయి. ఆ రోజుల్లో బే ఏరియా తెలుగు ఇళ్ళల్లో పండగే. మాకూ వచ్చింది. అందుకే డిగ్రీ అవగానే, అకౌంటింగ్ ఉద్యోగం వెతుక్కునే లోపల, ట్రాన్స్‌ఫర్ సెంటర్ ముందు కౌంటర్‌లో పార్ట్‌టైం ఖాళీ ఉందని మేడమ్ కబురు చేస్తే వెళ్ళి చేరాను.

మొదటి వారం చూశాను. వచ్చేవాళ్ళల్లో సగం మంది స్టేప్లర్ కోసమే. పాపం లోపలి దాకా ఎందుకు నడవాలని తెచ్చి ముందు కౌంటర్ మీద పెట్టాను. సాయంత్రానికి అది మళ్ళీ మేడమ్ బల్ల మీద ఉంది. మర్నాడు మళ్ళీ తెచ్చాను. మళ్ళీ వెళ్ళిపోయింది. మూడోసారి నేనే అడిగాను. మేడమ్ కాగితం మీంచి తల కూడా ఎత్తలేదు. "ఇక్కడికి ఎవరూ నన్ను వెతుక్కుంటూ రారు. స్టేప్లర్ కోసమైతే వస్తారు" అంది.

ఐదేళ్ళ కిందట ఆ లైబ్రరీ స్టేప్లర్‌లో పిన్నులు ఎందుకు లేవో కూడా అడుగుదామనుకున్నాను. అడగలేదు. అది మరీ అనుమానం.

కౌంటర్‌కి ఇవతల కూర్చుంటే గానీ ఆ పని ఎంతో తెలియలేదు. విద్యార్థిగా నాకు కనిపించింది మేడమ్, ఆవిడ పచ్చ పెన్నూ మాత్రమే. వెనకాల ఇంకో గదిలో, కిటికీ కూడా లేని గదిలో, ఆర్టిక్యులేషన్ ఆఫీసర్ అని ఒకాయన ఉండేవాడు. మా కాలేజీలో ప్రతి కోర్సు వివరాలూ యూనివర్సిటీలకి పంపి, మీ కోర్సుకి మాది సమానం అని ఒప్పించడం ఆయన పని. ఒక్కోసారి అందులో పేర్కొన్న పాఠ్యపుస్తకం మరీ పాతదని తిప్పి పంపేవాళ్ళు. ఆయన ఆ ప్రొఫెసర్ వెంటపడి కొత్త పుస్తకం వేయించి మళ్ళీ పంపేవాడు. అసిస్ట్‌లో నేను పంచాంగంలా చూసుకున్న ఒక్కో వరుస వెనకా ఇలాంటి నెలల తరబడి ఉత్తరాలున్నాయి. విద్యార్థులెవరికీ ఆయన పేరు తెలియదు. ఆయనకీ విద్యార్థులెవరూ తెలియరు. మధ్యాహ్నం ఒక్కడే కూర్చుని యాపిల్ తినేవాడు.

నవంబరు 30 మాకు శివరాత్రి. జాగారమే. కంప్యూటర్ గది రాత్రి దాకా తెరిచి పెట్టి, పిజ్జాలు తెప్పించి, పిల్లల దరఖాస్తులు ఒక్కొక్కటీ చదివేవాళ్ళం. అంతా బాగా రాసి చివర "సమర్పించు" నొక్కడం మరచిపోయేవాళ్ళు ఏటా ఉంటారు. పాస్‌వర్డ్ మరచిపోయేవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు.

తెలుగు ఇళ్ళ సంగతి కూడా చెప్పాలి. మన వాళ్ళకి కమ్యూనిటీ కాలేజీ అంటే కొంచెం నామోషీ. పార్టీల్లో "మా అమ్మాయి బర్క్‌లీ" అని గట్టిగా, "మా వాడు డి అంజా" అని గొంతు తగ్గించి చెప్పడం నేను చాలాసార్లు విన్నాను. రెండేళ్ళ తర్వాత ఆ డి అంజా వాడు కూడా బర్క్‌లీలోనే తేలతాడు, అది వేరే సంగతి.

ఒకసారి ఒక తండ్రీ కొడుకూ వచ్చారు. వివరాలు కొంచెం మారుస్తున్నాను. తండ్రి చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు. నా మెడలో నల్లపూసలు చూసి, "మీరు తెలుగువాళ్ళేనామ్మా?" అని తేలికపడ్డారు. తర్వాత, "మావాడి మార్కులు ఒకసారి తీసి చూపించమ్మా" అన్నారు.

"చూపించకూడదండీ. కాలేజీలో చేరాక రికార్డు పిల్లలదే. వాళ్ళు ఒప్పుకుని సంతకం పెడితేనే."

"నేను వాడి కన్నతండ్రిని కదమ్మా!"

"నిజమేనండీ. అయినా సరే."

"ఫీజు కట్టేది నేనే కదమ్మా!"

అదీ నిజమే. 1974 నుంచీ ఉన్న చట్టం అది. కన్న ప్రేమకి అందులో ప్రత్యేకంగా సెక్షన్ లేదు. ఆయన మొహం చూస్తే నాకు మా నాన్న టిఫిన్ బాక్సుతో కూర్చున్న బెంచీ గుర్తొచ్చి గొంతు పట్టేసింది. కొడుకు నేల చూపులు చూస్తున్నాడు. వాడు కంప్యూటర్ సైన్స్ వదిలేసి జాగ్రఫీకి మారి అప్పటికి రెండు టర్ములైందని నాకు తెలుసు, తండ్రికి తెలియదు. నేను చెప్పకూడదు.

లోపలికి తీసుకెళ్ళాను. మేడమ్ ఇద్దర్నీ కూర్చోబెట్టి కుర్రాణ్ణి అడిగింది: "నువ్వు చెప్తావా, సంతకం పెడితే నన్ను చెప్పమంటావా?" వాడు కాసేపు పెన్ను పట్టుకుని ఆలోచించి, సంతకం పెట్టకుండా, తనే చెప్పాడు. తెలుగులో చెప్పాడు, పాపం, వచ్చీరాని తెలుగులో, ఇంట్లో తిట్టేది తెలుగులోనే కాబట్టి కాబోలు. గది అంతా నిశ్శబ్దం. ఆ తండ్రి ఫోల్డరు మూసి, తెరిచి, మళ్ళీ మూసి, చివరికి ఇలా అడిగారు.

"జాగ్రఫీతో అయితే బర్క్‌లీ వస్తుందామ్మా?"

నేను ఇంగ్లిష్‌లోకి మార్చి చెప్పాను. మేడమ్ వస్తుందనీ అనలేదు, రాదనీ అనలేదు. అసిస్ట్ పేజీ ప్రింటు తీసి, తండ్రి చేతికి కాకుండా కొడుకు చేతికిచ్చింది. ఆ ప్రింటుకి పిన్ను కొట్టింది మాత్రం తండ్రే.

2016 జూన్‌లో మేడమ్ రిటైరయింది. ఆ శుక్రవారం మధ్యాహ్నం సెంటర్‌లోనే పాట్‌లక్. ఆర్టిక్యులేషన్ ఆఫీసర్ కూడా తన గదిలోంచి బయటికొచ్చి యాపిల్ పై తెచ్చాడు. నేను సమోసాలు కొనుక్కెళ్ళాను, వండే ఓపిక లేక. పూలు మాత్రం నేనే కట్టాను. ఈసారి నిజం మల్లెలే, మా పక్కింటి వాళ్ళ కుండీలోవి, మూరెడు వచ్చాయి. ఆవిడ జుట్టు పొట్టి కాబట్టి మణికట్టుకి చుట్టాను. వాసన చూసి, ముడి ఎక్కడుందో వెతికి, "ఇది ఎలా కట్టావో చూపించు" అని కూర్చుంది. ఉపన్యాసం క్లాసు కథ ఆవిడకి గుర్తులేదు. నా అసలు పేరు మాత్రం అప్పటికి గుర్తుండిపోయింది.

పార్టీ అయిపోయి కాగితం పళ్ళాలు ఎత్తేస్తున్నాం. తలుపు దగ్గర ఒక కుర్రాడు నిలబడ్డాడు, చేతిలో ఏవో కాగితాలు. "స్టేప్లర్ ఉందా?"

అందరం మేడమ్ వైపు చూశాం. ఆవిడ బల్ల ఖాళీ అయిపోయింది, సామాను అంతా పెట్టెలో సర్దేసింది, స్టేప్లర్ ఒక్కటే అక్కడ ఉంది. మేడమ్ నా వైపు చూసింది. సరే, నా వంతు కాబోలని నేనే అడిగాను.

"ఎక్కడికి ట్రాన్స్‌ఫర్ అవుతున్నావ్?"

"అబ్బే, నేను విద్యార్థిని కాదండీ. ఐటీ వాళ్ళ తరఫున ప్రింటర్ చూడ్డానికి వచ్చాను."

నేను నవ్వేసి స్టేప్లర్ ఇచ్చేశాను. మేడమ్ నవ్వలేదు. పెట్టె లోపల చెయ్యి పెట్టి ఏదో వెతుకుతోంది.

"అయితే ఏం? డిగ్రీ అయిందా?" అంటూ పచ్చ పెన్ను బయటికి తీసి, కాలితో కుర్చీ వాడి వైపు తోసింది.